పత్తి చేలో పనికొచ్చిన వేళ్ళు ప్యానెల్ దగ్గర పనికిరావా?

ఉత్తరం:

అక్కా, మాది కర్నూలు. బీటెక్ ఎలక్ట్రికల్ చేసి ఇక్కడే ఒక సోలార్ ప్లాంటులో ఆరేళ్ళుగా మెయింటెనెన్స్ ఇంజినీర్‌గా చేస్తాన్నా. సైట్లో 31 మంది ఇంజినీర్లుంటే ఆడవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్టు ఖాళీ అయింది, నాకంటే రెండేళ్ళు వెనక చేరిన అబ్బాయి పేరు అనుకుంటాన్నారు. అడిగితే మా సారు కోపంగా కాదు, ప్రేమగానే చెప్పినాడు, "తల్లీ, ఆడవాళ్ళ మెదడు వేరే మాదిరి ఉంటాది, మీకు డాక్యుమెంటేషన్ బాగా వస్తాది, బ్రేక్‌డౌన్ టెన్షన్, నైట్ డ్యూటీ మగోళ్ళకే సెట్ అయితాది" అని. మరుసటి రోజు వాట్సాప్ గ్రూపులో ఎవరో మగ మెదడు, ఆడ మెదడు అని రంగురంగుల బొమ్మ పెట్టినారు, అందరూ దానికి థంబ్స్ అప్ పెట్టినారు. ఇంట్లో మా ఆయన "వదిలెయ్, జీతం వస్తాంది కదా, పాప చిన్నది" అన్నాడు. నా బాధ ఏమంటే ఆ బొమ్మ చూసినప్పట్నుంచి నాకే డౌటు, నిజంగా నాలో ఏదో తక్కువుందేమోనని. పోనీ గట్టిగా అడిగి తెచ్చుకుంటే "ఆడమనిషని ఇచ్చినారు" అంటారు. ఏం చేయాల అక్కా?

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివినా. పోస్టు గురించి రాసిన భాగం కంటే ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయినా, "నాలో ఏదో తక్కువుందేమో" అన్న చోట. పోస్టు ఈసారి కాకపోతే ఇంకోసారి వస్తాది, ఆ డౌటు ఒకసారి లోపల కూర్చుందంటే మాత్రం లేవదు, నువ్వు కంట్రోల్ ప్యానెల్ తలుపు తెరిచిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి లాగుతాంటుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

నేను అనంతపురంలో పాలిటెక్నిక్ పిల్లలకు 29 ఏళ్ళు ఎలక్ట్రికల్ చెప్పినాను. చేరిన కొన్నేళ్ళకు మెషీన్స్ ల్యాబ్ ఇన్‌చార్జ్ ఖాళీ అయింది, సీనియారిటీ నాదే, నాకే ఇస్తారనుకున్నా. లైబ్రరీ ఇన్‌చార్జ్ ఇచ్చినారు, "మీరైతే పుస్తకాలు నీట్‌గా సర్దిపెడతారు మేడమ్" అని. నేను నవ్వి తలూపినా. ఆ నవ్వు మీద నాకు ఈరోజుకీ కోపమే, ఎందుకంటే ఆరోజు నేను కూడా నిజమేనేమో అనుకున్నా, మోటార్లు స్టార్టర్లు మనకు అబ్బే సంగతి కాదేమో అని. ఆ ల్యాబ్ తాళాలు నా చేతికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఆలోచించి ఆలోచించి నాకు అర్థమైంది ఒకటే, ఆడవాళ్ళ స్వభావం ఇదీ అనే మాట ఎప్పుడూ ముందు రాదు, ఏ పనికి ఎంత డబ్బు, ఆ కుర్చీ ఎవరికి అనేది ముందు తేలిపోతాది, ఆ తర్వాత దానికి తగ్గట్టు స్వభావం వెతుకుతారు.

మీ కర్నూలు, నంద్యాల వైపు విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేలు చూసే ఉంటావు. క్రాసింగ్ పని సంగతి తెలుసు కదా, సాయంత్రం మొగ్గ ఒలిచిపెట్టి, పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాల, ఒక్కో పువ్వుకూ అట్లనే, సీజనంతా అట్లనే, నడుము వంచి. ఏళ్ళ తరబడి ఆ పనికి బడి మాన్పించి మరీ ఆడపిల్లల్ని పెట్టినారు. ఎందుకమ్మా అంటే "ఆడపిల్లల వేళ్ళు సన్నంగా ఉంటాయి, ఓపికెక్కువ, పువ్వు నలగకుండా చేస్తారు" అనేవాళ్ళు. సరే, ఒప్పుకుందాం. మరి కంట్రోల్ ప్యానెల్లో టెర్మినల్ స్ట్రిప్ దగ్గర వందల వైర్లు నంబర్ చూసుకుంటా ఒక్కొక్కటి బిగించేది కూడా సన్నటి వేళ్ళూ ఓపికా కావాల్సిన పనే కదా, అక్కడ ఎవరికీ ఆ వేళ్ళు గుర్తురావు. చేలో గుర్తొచ్చింది ఎందుకంటే ఆడపిల్లకు కూలి తక్కువ ఇవ్వొచ్చు, ఎదురు మాట్లాడదు. ధర్మవరం పో, చానా ఇండ్లల్లో కండెలు చుట్టేది, అచ్చు అతికేది ఆడవాళ్ళు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పని లేకపోతే మగ్గం ఆడనే ఆడదు, కానీ నేతగాడు అనే పేరు మగ్గం మీద కూర్చున్న ఆయనదే, కూలి లెక్క ఆయన పేరు మీదే. ఇంట్లో వంట ఆడవాళ్ళ సహజ గుణం, పెండ్లిలో వెయ్యి మందికి వండే వంటమాస్టరు మాత్రం మగాయన. గుణం మారలేదు చూడు, డబ్బు మారింది.

ఇప్పుడు ఆ మెదడు బొమ్మ. మా అవ్వల కాలంలో "స్త్రీబుద్ధి ప్రళయాంతకం" అని సామెత చెప్పి నోరు మూయించేవాళ్ళు, ఇప్పుడు అదే మాట స్కానింగ్ రంగులు పూసుకొని ఫోన్లోకి వస్తాంది. సైన్స్ పేరు చెప్తే మనం భయపడతాం, చదువుకున్నోళ్ళం ఇంకా ఎక్కువ భయపడతాం. కాబట్టి సైన్స్ ఏం చెప్పిందో నిదానంగా చూద్దాం. 2015లో డాఫ్నా జోయెల్ అనే మెదడు శాస్త్రవేత్త, ఆమె జట్టు కలిసి 1400కు పైగా మనుషుల మెదడు స్కాన్లు ముందేసుకొని చూసినారు. మగవాళ్ళలో ఎక్కువగా కనిపించే లక్షణాలు కొన్ని, ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించేవి కొన్ని ఉన్నాయి, అది నిజం, కానీ మొత్తం మగ లక్షణాలతోనే ఉన్న మెదడు, మొత్తం ఆడ లక్షణాలతోనే ఉన్న మెదడు చానా అరుదు, ఎక్కువ మందిలో అవీ ఇవీ కలగలిసి ఉన్నాయి. అంటే నీ గ్రూపులో తిరిగిన బొమ్మ మాదిరి రెండు రకాల మెదళ్ళు లేవు. మగవాళ్ళ మెదడు సైజు సగటున పెద్దది అని ఎవరైనా తెస్తే, అవును, ఒళ్ళు పెద్దది కావడం కూడా దానికి ఒక కారణం, కానీ సైజును బట్టి తెలివైతే ఏనుగు మనకు పాఠాలు చెప్పాల.

ఇంకొకటి, జానెట్ హైడ్ అనే సైకాలజిస్టు 2005లో అప్పటిదాకా వచ్చిన 46 పెద్ద సమీక్షలు ముందేసుకొని లెక్క తీసింది, లెక్కలు, మాట, ఆత్మగౌరవం, నాయకత్వం, దూకుడు, అన్నీ. 78 శాతం విషయాల్లో ఆడా మగా తేడా చిన్నది, లేదంటే దాదాపు లేదు. 2008లో ఆమె జట్టే అమెరికాలో 10 రాష్ట్రాల్లో 70 లక్షల మంది స్కూలు పిల్లల లెక్కల మార్కులు చూసినారు, అమ్మాయిలకు అబ్బాయిలకు సగటులో తేడా లేదు.

అసలు తేడాలే లేవని నేను చెప్పడం లేదు, అట్ల చెప్తే అది కూడా అబద్ధమే. విసిరే బలంలో తేడా పెద్దది, భుజాల బలంలో పెద్దది. ఒక వస్తువును మనసులోనే తిప్పి చూడడం అని ఒక పరీక్ష ఉంది, అందులో కూడా మగవాళ్ళ సగటు ఎక్కువ. మీ సారు రేపు ఇది తెలుసుకొని వస్తే నువ్వు తడబడొద్దు, అందుకే దీని గురించి ఇంకొంచెం చెప్తా, ఇది నా సొంత క్లాసురూములో చూసిన సంగతి.

ఫస్టియర్లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఉంటుంది కదా, ఐసోమెట్రిక్ వ్యూ, ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ. మొదటి నెల అమ్మాయిలు చానా మంది ఏడ్చేవాళ్ళు, నిజంగా కండ్ల నీళ్ళు పెట్టుకునేవాళ్ళు, పక్కన అబ్బాయిలు చకచకా గీస్తాంటే. నేను పిల్లల్ని అడిగేదాన్ని, ఇంట్లో ఏమేం విప్పినారు ఇప్పటిదాకా అని. అబ్బాయిలు సైకిలు, రేడియో, చేనికాడ మోటారు, నాయన బండి కార్బొరేటర్ అని చెప్పేవాళ్ళు. అమ్మాయిలు తల దించుకునేవాళ్ళు, ఎవరో ఒకరిద్దరు మిక్సీ అనేవాళ్ళు. అందుకని సబ్బు బిళ్ళలు, ఉర్లగడ్డలు తెప్పించి కత్తితో కోయించి, ఏ వైపు నుంచి చూస్తే ఏం కనపడుతుందో చేత్తో తిప్పి చూడమనేదాన్ని, రోజూ ఒక అరగంట. రెండో నెల చివరికి వచ్చేసరికి పేపర్లు దిద్దుతాంటే ఏది అమ్మాయిది ఏది అబ్బాయిది నాకు తెలిసేది కాదు. ఇదే పని అమెరికాలో మిషిగన్ టెక్‌లో షెరిల్ సోర్బీ అనే ప్రొఫెసరు 1990ల్లోనే కోర్సు మాదిరి పెట్టింది, ఆ పరీక్షలో తక్కువొచ్చిన పిల్లలకు నేర్పిస్తే మార్కులు పెరిగినాయి, అమ్మాయిలు ఇంజినీరింగ్‌లో నిలబడినారు. కొన్ని వారాలు ఉర్లగడ్డలు కోస్తే తగ్గిపోయే తేడాను పుట్టుక రాత అని ఎట్ల అంటాం చెప్పు.

ఇంకా, ఇది పుట్టుకతో వచ్చిందైతే దేశం మారినా కాలం మారినా ఒకే మాదిరి ఉండాల కదా. 1946లో ఎనియాక్ అని మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటి అమెరికాలో బయటికి వచ్చినప్పుడు దానికి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్ళు. అప్పుడు అది గుమాస్తా పని కింద లెక్క, అందుకే ఆడవాళ్ళకు ఇచ్చినారు. ఆ దేశంలోనే 1980ల నడుమ కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు తీసుకున్నోళ్ళలో 37 శాతం ఆడవాళ్ళు, తర్వాత పాతికేళ్ళకు అది సగానికి, 18 శాతం దగ్గరికి పడిపోయింది. పాతికేళ్ళలో మెదడు మారిపోతుందా? జీతాలు పెరిగినాయి, అది మగపిల్లల ఆట అని ప్రచారం వచ్చింది, అంతే. మన దగ్గర చూడు, కర్నూలు, కడప, అనంతపురం ఏ కాలేజీకి పోయినా కంప్యూటర్ సైన్స్ సెక్షన్లో బెంచీల నిండా అమ్మాయిలే, మన తల్లిదండ్రులు ఏసీ రూములో కూర్చునే ఉద్యోగం సేఫ్ అనుకున్నారు కాబట్టి. పైలట్లను చూడు, ప్రపంచంలో ఆడవాళ్ళు 5 శాతం చుట్టూ ఉంటే మన దేశంలో 15 శాతం దాకా ఉన్నారు. టెన్షన్ తట్టుకోలేరు అనేవాళ్ళు ఒకసారి ఆ మాట విమానంలో కూర్చొని ఆలోచించాల.

నీకు ఒక మనిషి గురించి చెప్పకుండా ఉండలేను, నీ సబ్జెక్టే కాబట్టి. అయ్యలసోమయాజుల లలిత అని మన తెలుగావిడ. 18 ఏళ్ళకు భర్త పోయినాడు, చేతిలో నాలుగు నెలల పాప. ఆ కాలంలో అట్లాంటి పిల్లకు ఏం రాసిపెట్టి ఉంటుందో మనకు తెలుసు. ఆమె మద్రాసులో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ పూర్తి చేసింది. సర్టిఫికెట్లో మగవాళ్ళకు రాసే "అతడు" అని అచ్చేసి ఉంటే దాన్ని కొట్టేసి "ఆమె" అని దిద్ది ఇచ్చినారంట, ఆడమనిషి వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి. తర్వాత కలకత్తాలో కంపెనీలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు డిజైన్ చేసింది, భాక్రా నంగల్ డ్యాం జనరేటర్ల పనిలో కూడా ఉంది. నువ్వు రోజూ తిరిగే స్విచ్‌యార్డు మాదిరివే కదా అవన్నీ. 80 ఏళ్ళ కింద ఆమెకు సెట్ అయిన పని నీకు సెట్ కాదంటే నేను ఒప్పుకోను.

బ్రేక్‌డౌన్ టెన్షన్, రాత్రి డ్యూటీ అంటాన్నారు. ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకైనా రాత్రి రెండింటికి పోయి చూడమను, యాక్సిడెంట్ కేసు వస్తే రక్తం కారతాంటే ముందు పరిగెత్తేది ఎవరో. నర్సుకు నైట్ డ్యూటీ కుదురుతుంది, ఇంజినీరుకు కుదరదు, అది శరీరం సంగతి ఎట్ల అవుతాది? నిజంగా అడ్డం పడేవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ బొమ్మలు పెట్టరు. స్విచ్‌యార్డ్ దగ్గర టాయిలెట్ ఉందా, రాత్రి సైట్ నుంచి ఊర్లోకి బండి ఉందా, ఇంటికి పోయినాక ఎన్ని గంటలు పని. 2019లో మన ప్రభుత్వమే సమయ వినియోగ సర్వే చేసింది, ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పుడు రోజుకు సగటున 299 నిమిషాలు చేసినారు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు, అసలు ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి 26 మంది. ఐదు గంటలు ఇంట్లో చేసి సైట్‌కు వచ్చిన మనిషి కొంచెం అలిసినట్టు కనపడితే అది మెదడు లోపం అని రాసుకుంటాన్నారు.

మీ సారు చెడ్డాయన అని నేను అనుకోవడం లేదు, ప్రేమగా చెప్పినాడు అని నువ్వే రాసినావు. అదే కష్టం. 2012లో అమెరికాలో ఒక ప్రయోగం చేసినారు, ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి ఒకే దరఖాస్తు, అక్షరం మార్చకుండా, కొందరికి మగ పేరుతో కొందరికి ఆడ పేరుతో, 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకు పంపినారు. ఆడ పేరు ఉన్నదానికి సామర్థ్యం తక్కువ అని మార్కులేసినారు, జీతం కూడా ఏడాదికి 30 వేల డాలర్ల బదులు 26,500 చాలన్నారు. ఇందులో నన్ను బాధపెట్టింది ఏమంటే ఆడ ప్రొఫెసర్లు కూడా అట్లనే వేసినారు. కాబట్టి మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని కాదు, కండ్లు అలవాటు పడినాయి. అలవాటును వాదనతో గెలవలేం, కాగితంతో గెలవొచ్చు.

అందుకని గ్రూపులో ఆ బొమ్మ కింద పెద్ద పెద్ద మెసేజులు రాయొద్దు, నీ శక్తంతా అక్కడే పోతాది. సారుకు ఒక మెయిల్ రాయి, మర్యాదగా, నాలుగు లైన్లు, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు ఏమేం చూస్తారు, అనుభవం ఎంత, ఏ ట్రైనింగ్‌లు, ఎవరు నిర్ణయిస్తారు, నేను అప్లై చేస్తాన్నాను అని. మెదడు గురించి ఒక్క మాట కూడా రాయొద్దు. నోటితో "సెట్ కాదు" అనడం సులభం, రాతలో అనడం చానా కష్టం, అక్కడే మాట మారుతుంది చూడు. దాని జతకు నువ్వు ఈ ఆరేళ్ళలో అటెండ్ అయిన బ్రేక్‌డౌన్లు లాగ్‌బుక్ నుంచి తీసి ఒక షీట్ చెయ్, తేదీ, ఏ ఇన్వర్టర్ లేదా ఏ ట్రాన్స్‌ఫార్మర్, ఫాల్ట్ ఏమి, ఎంత సేపట్లో లైన్‌లోకి తెచ్చినావు, ఎంత జనరేషన్ పోకుండా కాపాడినావు. నువ్వు లెక్క పెట్టకపోతే ఎవరూ పెట్టరు. ఆ అబ్బాయిని తక్కువ చేసి ఒక్క మాట మాట్లాడొద్దు, అతనితో మనకు గొడవ లేదు.

డాక్యుమెంటేషన్ మీకు బాగా వస్తాది అనే మాట ఉంది చూడు, అది పొగడ్త మాదిరి కనపడే గొలుసు. రిపోర్టులు నీ దగ్గర ఉన్నన్ని రోజులు ఫీల్డ్ అవర్లు పక్కోళ్ళ ఖాతాలో పడతాంటాయి, ఆఖర్న నీకు ఫీల్డ్ అనుభవం తక్కువ అంటారు. వచ్చే మీటింగ్‌లో రిపోర్టులు నెలకొకరు చేద్దాం అని చెప్పు, ఇంకో అమ్మాయి ఉంది కదా, ఆమెతో ముందే మాట్లాడుకో, ఇద్దరూ అడిగితే అది సైట్ సమస్య అవుతాది, ఒక్కదానివే అడిగితే నీ సమస్య అవుతాది. టాయిలెట్, రాత్రి బండి కూడా ఇద్దరూ కలిసి రాతలో అడగండి. అట్లనే, పదిమంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు ఇంటర్నల్ కమిటీ ఉండాల, దానికి ఆడమనిషే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్ళు. మీ సైట్‌కు ఉందో లేదో కనుక్కో, ఇప్పుడు అవసరం లేకపోయినా.

"ఆడమనిషని ఇచ్చినారు" అంటారన్న భయం గురించి. అంటారు, కొన్నాళ్ళు అంటారు. మీ జిల్లాలోనే ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామానికి ఫాతిమా బీ సర్పంచ్‌గా చేసింది, 1998లో ఐక్యరాజ్యసమితి పేదరిక నిర్మూలన అవార్డు తీసుకుంది. పంచాయతీల్లో ఆడవాళ్ళు వచ్చిన కొత్తలో ఎన్ని మాటలు పడ్డారో మనం కండ్లారా చూసినాం, భర్తలు పెత్తనం చేసిన చోట్లు కూడా చూసినాం, ఇప్పటికీ ఉన్నాయి. పశ్చిమ బెంగాల్లో దీని మీద చానా ఏండ్లు పరిశోధన చేసినారు. అక్కడ సర్పంచ్‌ను ప్రధాన్ అంటారు, ఆడ ప్రధాన్‌ను ఎన్నడూ చూడని ఊర్లలో ఒకే ఉపన్యాసం మగ గొంతుతో వినిపిస్తే మంచి మార్కులు, ఆడ గొంతుతో వినిపిస్తే తక్కువ మార్కులు వేసినారు మగవాళ్ళు. ఆడ ప్రధాన్ పాలన చూసిన ఊర్లలో ఆ తేడా పోయింది. రెండు విడతలు ఆడవాళ్ళే ఉన్న ఊర్లలో ఇంకో సంగతి జరిగింది, 2012లో అచ్చయిన పరిశోధనలో తేలింది అది, ఆడపిల్లల చదువు మగపిల్లల చదువుకు సమానం అయిపోయింది. వాళ్ళు బడులేం కట్టించలేదు అదనంగా, ఊరి పిల్లలు రోజూ ఒక ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చోవడం చూసినారు, అంతే. నీ తర్వాత ఆ సైట్‌లో చేరబోయే డిప్లొమా పిల్ల కోసం కూడా నువ్వు అప్లై చేయాల, నేను ఆ పిల్లలకే పాఠాలు చెప్పినా కాబట్టి అడుగుతాన్నా.

మీ ఆయన "వదిలెయ్" అన్నాడు, నిన్ను ఇష్టపడే అని ఉండొచ్చు, కానీ జీతం వస్తాంది కదా అనేది జవాబు కాదు. ఈ రాత్రి పాప నిద్రపోయినాక కూర్చొని చెప్పు, నైట్ షిఫ్ట్ వారం పడితే పొద్దున పాపను ఎవరు లేపాల, టిఫిన్ ఎవరు పెట్టాల, స్కూలుకు ఎవరు దింపాల, పేరు పేరునా మాట్లాడుకోండి. సాయం చేస్తావా అని అడగొద్దు, నీ వంతు ఏది అని అడుగు. ఆయన ఇడ్లీ పిండి పులియబెట్టడం నేర్చుకుంటాడు, మా ఇంట్లో నేర్చుకున్నారు, 50 దాటినాక.

ఉత్తరంలో మధ్యలో ఎక్కడో రిలే (ఫాల్ట్ వస్తే లైన్ కట్ చేయించే పరికరం) సెట్టింగుల దగ్గర కొంచెం వీక్ అని రాసినావు, దాన్ని నేను అచ్చులో వేయలేదు. అది ఆడ మెదడు కాదమ్మా, నీకు ఎవరూ రిలే టెస్ట్ చేసే కిట్ చేతికి ఇవ్వలేదు, అంతే. రిలే టెస్టింగ్‌కు బయటి టీం వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడొద్దు, కనెక్షన్లు నేనిస్తా అని ముందుకు పో, రెండుసార్లు చేస్తే వస్తాది. మెయిల్ రాసినాక పంపే ముందు నాకు ఒకసారి పెట్టు, చూసి చెప్తా.